బరువు దించకుండా అలుపు తీర్చుకోవడం: కాపెల్ గోడ మీద ఒక శనివారం

ఈ ప్రయాణం నా నోటివల్ల మొదలైంది. నా జీవితంలో మంచీ చెడూ చాలావరకు అక్కణ్ణుంచే మొదలయ్యాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు. నేను బైబిల్ కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి కాను. చదువుకున్నదంతా వంటింటి బల్ల దగ్గర, తెల్లవారుజామున, ఒక్కణ్ణే. బెంటన్‌విల్‌లో వారానికి ఐదు రోజులు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే కాంట్రాక్ట్ ఉద్యోగం. ఆదివారం సంఘంలో బోధకుడిగా మనుషుల్లో తప్పులు వెతికే పని, అదీ జీతం లేకుండా. నెలకొక శనివారం నేనూ మా ఆవిడ రూతూ కలిసి డల్లస్ పక్కన కాపెల్‌లో ఉన్న మా బావమరిది ఇంటికి ప్రార్థన కూడికకి వెళ్తాం. 2015 అక్టోబర్ కూడికకి డాక్టర్ మూర్తి గారు ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చారు.

మూర్తి గారు మా సంఘస్థుడు కాదు. డెబ్బై రెండులో ఈ దేశం వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా గుండె ఆపరేషన్లు చేసి రిటైరయ్యారు. మా కూడికలకి రెండే పనుల మీద వస్తారు. ఒకటి నాతో వాదించడం, రెండోది ఆ తర్వాత వడ్డించే గోంగూర మాంసం. ఆయన తెచ్చిన మనిషి పేరు పాసాంగ్. నేపాలీ. యాభై ఏళ్లుంటాయి, బక్కపలచని మనిషి. వీసా లాటరీలో వచ్చి అర్వింగ్‌లో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేస్తున్నాడు. అంతకు ముందు హిమాలయాల్లో ట్రెక్కింగ్ బృందాలకి మూటలు మోశాడు, తర్వాత వంట చేశాడు. ఏప్రిల్‌లో వచ్చిన భూకంపం వాళ్ల లోయలో బాటలన్నీ తుడిచిపెట్టేసింది. బాట లేకపోతే ట్రెక్కర్లు రారు, ట్రెక్కర్లు రాకపోతే మోసేవాళ్లకీ వండేవాళ్లకీ దారి చూపేవాళ్లకీ కూలి లేదు. ఊరికే డబ్బు పంచితే ఆ ఊరివాళ్లు పుచ్చుకోరట. బాట బాగుచేసే పని పెట్టి కూలి ఇస్తే పుచ్చుకుంటారట. ఆ కూలి కోసం నవంబర్‌లో కాపెల్ దగ్గర ఒక ఇండోర్ క్లైంబింగ్ జిమ్‌లో చాలెంజ్ పెడుతున్నారు. నలభై అడుగుల గోడని అందరూ కలిసి ఏడు వందల ఇరవై ఆరు సార్లు ఎక్కితే ఎవరెస్ట్ ఎత్తు పూర్తవుతుంది.

మూర్తి గారు ఈ సంగతి చెప్పగానే మావాళ్లు చెక్కుబుక్కులు తీశారు. అది చూసి నాకు ఆత్మ రేగింది. లేచి నిలబడి ఉరిమాను. "చెక్కు రాసిన వేళ్లు కాదు ప్రభువు చూసేది! ఒకరి భారం ఒకరు మోయమన్నాడు అపొస్తలుడు, ఒకరి భారానికి ఒకరు చెక్కు రాయమన్నాడా? మీలో ఎవరి భుజం వంగింది? ఎవరి మోకాలు దోక్కుపోయింది?" పది నిమిషాలు దంచాను. మూర్తి గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "బాగా చెప్పారు బ్రదర్. అయితే మీరు ఎక్కండి" అన్నారు.

"నేనా?"

"మీ సంఘమంతా కలిసి ఎంత వేస్తే అంత నేనూ వేస్తాను. షరతు ఒక్కటే. మీరు మీ కాళ్లూ చేతులతో ఆ గోడ ఎక్కి పైనున్న గంట కొట్టాలి. సాయంత్రం నాలుగులోపు. తాడుకి వేలాడితే లెక్కలోకి రాదు. నా వంతు నేను ఇదివరకే ఇచ్చేశాను లెండి. ఇది మీ మాటకి కడుతున్న వెల."

పాసాంగ్ మెల్లిగా వివరించాడు. మా సంఘం ఇచ్చేదాంతో ఊరికి డిసెంబర్ దాకా కూలి వస్తుంది. డాక్టర్ గారిది కూడా కలిస్తే మార్చిలో మళ్లీ ట్రెక్కర్లు వచ్చే సీజన్ దాకా వస్తుంది. అంటే నడి చలికాలం మూడు నెలలు నా మీద పడ్డాయి. నా తూకం తొంభై నాలుగు కిలోలు. ఎత్తంటే భయం. ఈ రెండో సంగతి అప్పటిదాకా రూతుకీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఇక దారి సంగతి. బెంటన్‌విల్ నుంచి కాపెల్ సుమారు మూడు వందల నలభై మైళ్లు. చాలెంజ్ ఉన్న శనివారం తెల్లవారుజామున నాలుగుంపావుకి బయలుదేరాం. అబ్రాహాము ప్రొద్దున్నే లేచి ప్రయాణమయ్యాడని నేనంటే, రూతు ఆవలిస్తూ "ఆయన గాడిదకి కాస్త నిద్రుండే ఉంటుంది" అంది. ఐ-49 మీద దక్షిణంగా వెళ్తుంటే ఫయెట్‌విల్ దాటాక కొండల మధ్య పెద్ద వంతెనలొస్తాయి. ఏళ్ల తరబడి మా ఇంట్లో ఒక ఏర్పాటుంది. ఆ ముక్క రూతు డ్రైవ్ చేస్తుంది, నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాను. పిల్లలకి అది భక్తి అని చెప్పాం. ఆల్మా దగ్గర ఐ-40 ఎక్కి పడమరకి వెళ్లి, చెకోటా దగ్గర యూఎస్-69 పట్టుకుంటే ఇక డల్లస్ దాకా దాదాపు ఒకే రోడ్డు. చెకోటా దాటాక గ్యాస్ కొట్టించాం. గ్యాలన్ రెండు డాలర్లలోపే ఉంది, ఒకవైపు ప్రయాణానికి ఇరవై నాలుగు డాలర్లయింది. యుఫాలా సరస్సు మీదికి వచ్చేసరికి సరిగ్గా పొద్దు పొడిచింది. నీళ్ల మీద పొగమంచు, వంతెన తక్కువ ఎత్తు. నాలాంటివాడికి దేవుడు చేసిపెట్టిన వంతెన అది.

ఒక చిన్న టిఫిన్ కొట్టు దగ్గర కాఫీకి ఆగితే, టోపీ పెట్టుకున్న ముసలి రైతు మా కారు అర్కాన్సా ప్లేటు చూసి పలకరించాడు. ఎక్కడికి ప్రయాణమని అడిగాడు. డల్లస్ దగ్గర క్లైంబింగ్‌కి అన్నాను.

"డల్లస్‌లో కొండలెక్కడివయ్యా?" అన్నాడు.

"లేవు. అందుకే గోడ కట్టుకున్నారు."

"నువ్వే ఎక్కుతావా?" అంటూ నన్ను పైనుంచి కిందికి, ముఖ్యంగా మధ్యలో, ఓసారి చూశాడు. "గోడ గట్టిగా కట్టారని కనుక్కున్నావా?"

రూతు డ్యూరంట్ దాకా నవ్వుతూనే ఉంది. రెడ్ రివర్ దాటితే టెక్సస్. అక్కణ్ణుంచి 75 మీద షెర్మన్, ప్లేనో మీదుగా దిగి 635 పట్టుకుంటే టోల్ లేకుండా కాపెల్ చేరొచ్చు. టోల్‌రోడ్డు ఎక్కితే పదిహేను నిమిషాలు కలిసొస్తుంది, బిల్లు ఇంటికొస్తుంది. మేము 635 మీదే వెళ్లి పదింటికి చేరాం.

బయట నుంచి చూస్తే ఆ జిమ్ గోడౌన్‌లాగా ఉంది. లోపలికి అడుగు పెట్టగానే మెడ వెనక్కి వంగిపోయింది. గోడలనిండా పట్టుకుని ఎక్కడానికి బిగించిన రంగురంగుల ముద్దలు, ఎవరో మైనం కరిగించి చల్లినట్టు. పైన ఇనప దూలం, దూలం నుంచి తాళ్లు, మధ్య గోడ తలమీద ఒక ఇత్తడి గంట. నిచ్చెన కలలో యాకోబు దేవదూతలు ఎక్కడం దిగడం చూశాడు గానీ తాను ఒక్క మెట్టూ ఎక్కలేదన్న సంగతి ఆ క్షణంలోనే నాకు తట్టింది. కొండలవైపు కన్నులెత్తిన కీర్తనకారుడు కూడా కన్నులే ఎత్తాడు. ఇరవై ఏళ్లుగా ఆ వాక్యం చెబుతున్నాను, ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చదవలేదు.

రిజిస్ట్రేషన్ ముప్పై డాలర్లు, బూట్లూ నడుము పట్టీ అందులోనే. బూట్లు ఒక సైజు బిగుతుగా ఇస్తారు, అదే పద్ధతట. నడుముకీ తొడలకీ బిగించే ఆ పట్టీ నాకు బాగా ఒరుసుకుంది. యిర్మీయా ప్రవక్తని బురద గోతిలోంచి తాళ్లతో పైకి లాగేటప్పుడు చంకల కింద పెట్టుకోమని పాతగుడ్డలు వేశారు. నేనూ అదే మాట చెప్పి రూతు పాత చున్నీ అడిగాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఎంతో మర్యాదగా, పట్టీలో గుడ్డలు కుక్కడం రూల్స్‌కి విరుద్ధమంది. ప్రవక్తకి దొరికిన వసతి నాకు దొరకలేదు.

నా తాడు పట్టుకునేది పాసాంగ్. ముందు వారమే పరీక్ష పాసై కార్డు తగిలించుకుని ఉన్నాడు. ఎక్కేవాడి నడుముకి కట్టిన తాడు పైన దూలం మీదుగా వచ్చి కింద నిలబడ్డవాడి చేతిలో ఉంటుంది. ఎక్కేవాడు జారితే కిందివాడు ఆపాలి. కిందివాడు యాభై రెండు కిలోలు. నేను ఇంచుమించు రెండు పాసాంగులు. నేను జారితే అతను రాకెట్‌లా పైకి లేస్తాడని పాసాంగ్‌ని నేలలో దిగ్గొట్టిన కొక్కేనికి ఒక పట్టీతో కట్టారు. అది చూసి నా భయం ఇంకాస్త పెరిగింది.

మొదటిసారి పదకొండున్నరకి ఎక్కాను. డల్లస్ చుట్టుపక్కల మాస్టర్స్ చదువుతున్న కుర్రకారు ఓ పాతికమంది చకచకా ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. వరంగల్ వైపు అబ్బాయొకడు "పోవాలె అన్నా, ఆగొద్దు!" అని అరిచాడు. కిందికి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పది అడుగులు, ఇరవై, ఇరవై ఐదు. చెప్పొద్దూ, నాకే నమ్మకం కలగలేదు. నేను! ఎత్తులో! ఒళ్లంతా వేడెక్కింది, కళ్లు చెమర్చాయి, గుండెల్లోంచి స్తోత్రం పొంగుకొచ్చింది. పొంగితే ఇరవై ఏళ్ల అలవాటు ఏం చేస్తుంది? రెండు చేతులూ పైకెత్తి "హల్లెలూయా!" అని కేకేశాను.

తర్వాత నేను గాల్లో ఉన్నాను. తాడు పట్టేసింది. గోడకి ఓసారి వీపు, ఓసారి భుజం కొట్టుకుని కాళ్లు కట్టిన కోడిలా వేలాడాను. కింద పాసాంగ్ కొక్కెం పట్టీ బిగుసుకుని, మునివేళ్ల మీద లేచి నిలబడి ఉన్నాడు. జిమ్ మొత్తం ఒక క్షణం ఆగి, నేను బాగానే ఉన్నానని చూసి, చప్పట్లు కొట్టింది. మావాళ్లలో ఇద్దరు అలవాటు కొద్దీ ఆమేన్ కూడా అన్నారు.

నేల మీద దిగాక మూర్తి గారు ప్లాస్టిక్ కుర్చీలోంచి, "బ్రదర్, గంట మోగలేదు. ఆమేన్‌లు లెక్కలోకి రావు" అన్నారు.

రెండోసారి పన్నెండుమ్ముప్పావుకి. ఈసారి నోరు మూసుకుని, గోడని కౌగలించుకుని, ఒక్క ఊపున పోదామనుకున్నాను. ఎంత త్వరగా ఎక్కితే అంత త్వరగా భయం అయిపోతుందని నా లెక్క. ముప్పై అడుగుల దగ్గర ముంజేతులు రాయిలా బిగుసుకుపోయాయి. వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. ఎవరో ఒక్కొక్క వేలూ తీసినట్టు. మోషే చేతులు బరువెక్కినప్పుడు చెరోపక్క అహరోనూ హూరూ నిలబడి ఎత్తి పట్టుకున్నారు. నాకు అటు పసుపు ముద్ద, ఇటు ఆకుపచ్చ ముద్ద. మళ్లీ వేలాడాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

భోజనానికి కూర్చున్నాం. రూతు పులిహోర, పెరుగన్నం తెచ్చింది. పాసాంగ్ ఇంటినుంచి పెద్ద డబ్బాలో పప్పూ అన్నం, ముల్లంగి పచ్చడి తెచ్చాడు. రూతు ఉండబట్టలేక మూర్తి గారిని అడిగేసింది. "డాక్టర్ గారూ, ఈయన ఎక్కలేకపోతే నిజంగానే ఇవ్వరా?"

"ఇవ్వనమ్మా" అన్నారు ఆయన. గొంతులో వేళాకోళం లేదు. "అరవై ఏళ్లప్పుడు ట్రెక్కింగ్‌కని వెళ్లి అక్కడ పైన ఊపిరాడక పడిపోయాను. ఈ పాసాంగ్ వాళ్లన్న, దావా అని, నన్ను బుట్టలో కూర్చోబెట్టి, బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని, రెండు రోజులు కిందికి మోశాడు. మెడ నరాలు ఇంత లావున ఉబ్బిపోయాయి. వెనక కూర్చుని అవే చూస్తూ వచ్చాను. దిగాక చెక్కు రాసిస్తే తీసుకోలేదు. మోసినందుకు రోజు కూలి ఎంతో అంతే తీసుకున్నాడు. ఆ రోజు నుంచీ చెక్కులంటే నాకు చిన్నచూపు. మొన్న మీ ఆయన మొదటిసారి నా మనసులో మాట అన్నాడు. అన్నవాడు చేసి చూపించకపోతే అది కూడా చెక్కే."

వాదనలో ఆయన నన్ను ఓడించిన సందర్భాలున్నాయి గానీ, నా ప్రసంగం నాకే తిప్పి వడ్డించడం అదే మొదలు.

పాసాంగ్ మాత్రం హాయిగా తింటున్నాడు. అతనూ నేనూ వచ్చీరాని హిందీలో మాట్లాడుకుంటాం. "గురుజీ, మీరు ఎక్కే తీరు తప్పు కాదు. అలుపు తీర్చుకునే తీరు తప్పు" అన్నాడు.

"నేను అలుపు తీర్చుకోలేదయ్యా. ఆగకుండా ఎక్కాను."

"అదే తప్పు. మా పక్క నలభై కిలోల బుట్ట మోసేవాడి చేతిలో ఒక పొట్టి కర్ర ఉంటుంది, పైన అడ్డచెక్కతో. తోక్మా అంటాం. ఇరవై అడుగులు వేస్తాడు. ఆగుతాడు. కర్ర వెనక్కి పెట్టి బుట్ట అడుగున ఆనిస్తాడు. నిలబడే నాలుగు ఊపిర్లు తీస్తాడు. మళ్లీ ఇరవై అడుగులు."

"బుట్ట కింద పెట్టి కూర్చోవచ్చుగా?"

పాసాంగ్ నవ్వాడు. "దించితే మళ్లీ ఎత్తేదెవరు, గురుజీ? దించినవాడు చీకటి పడేలోపు ఊరు చేరడు. బరువు మీద ఉండగానే అలుపు తీర్చుకోవాలి."

భారం మోస్తున్నవాళ్లని పిలిచి విశ్రాంతినిస్తానన్న ప్రభువు మాట నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటాను! చెప్పినప్పుడల్లా, దించెయ్యండి, దించెయ్యండి అని అరిచాను. కానీ ఆ మాట వెంటనే ఆయన తన కాడి ఎత్తుకోమన్నాడు కూడా. ఆ కాడిని నేను గబగబా దాటేసేవాణ్ణి. ఈ వంటమనిషి బైబిల్ ముట్టుకోకుండా, ముల్లంగి నములుతూ, ఆ రెండు మాటలనీ ఒక కర్రతో కలిపేశాడు.

తిన్నాక పాసాంగ్ నన్ను గోడ మొదట్లోకి తీసుకెళ్లి, నేలకి రెండడుగుల ఎత్తులో నిలబెట్టి పాఠం చెప్పాడు. మోచేతులు వంచి గోడకి అతుక్కుంటే ముంజేయి చచ్చిపోతుంది. చేతులు తిన్నగా చాచి, మోకాళ్లు కొంచెం వంచి, బరువంతా కాళ్ల మీద వేసి వెనక్కి వాలాలి. అప్పుడు ఎముక మోస్తుంది, కండకి సెలవు. ఒక్కో చెయ్యీ కిందికి వదిలి విదిలించాలి. మూడు పట్టులు ఎక్కాలి, ఒకసారి ఇలా వాలాలి. ఒక గంటసేపు అక్కడే, పిల్లల పుట్టినరోజు పార్టీకి వచ్చినవాడిలా, రెండడుగుల ఎత్తులో వేలాడుతూ ప్రాక్టీస్ చేశాను. ఈలోగా లెక్క రాసే బోర్డు మీద క్లైంబులు ఏడు వందలు దాటాయి.

మూడున్నరకి మూడోసారి. మూడు పట్టులు ఎక్కగానే కిందినుంచి పాసాంగ్ "తోక్మా!" అని కేకేశాడు. చేతులు చాచి వాలాను. నాలుగు ఊపిర్లు. మళ్లీ మూడు. "తోక్మా!" రెండుసార్లయ్యేసరికి స్టూడెంట్లకి అది పట్టుబడిపోయింది. నేను మూడో పట్టు అందుకోగానే జిమ్ అంతా ఒక్క గొంతుతో "తోక్మా!" అరవడం, నేను బల్లిలా వెనక్కి వాలడం. నా కూడికల్లో ఇంత బాగా జవాబు ఎప్పుడూ రాలేదు. ఇరవై ఐదు అడుగుల దగ్గర మళ్లీ స్తోత్రం పొంగింది. మింగేశాను. ముప్పై దగ్గర ముంజేయి బిగుసుకోబోయింది. విదిలించాను. ముప్పై ఐదు దగ్గర, ఏ శత్రువు చెప్పాడో, కిందికి చూశాను.

పాసాంగ్ ముఖం రూపాయి బిళ్లంత కనిపించింది. కాళ్లు కుట్టుమిషనులా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒక్క వాక్యం గుర్తు చేసుకుందామని చూశాను. రాలేదు! ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఒక్క మాటా నోటికి రాలేదు. తల ఖాళీ. ఆ ఖాళీలోకి కిందినుంచి, ఏ తొందరా లేకుండా, ఒక్కటే గొంతు వచ్చింది. "తోక్మా, గురుజీ."

వాలాను. నాలుగు కాదు, పది ఊపిర్లు. కాళ్లు సర్దుకున్నాయి. ఒక పట్టు. ఇంకో పట్టు. మూడోది గంట. అరచేత్తో కొట్టాను.

కింద గోల మిన్నంటింది. అందులోంచి మూర్తి గారి గొంతు: "ఇంకోసారి కొట్టండి బ్రదర్, నాకు వినికిడి తక్కువ!" కొట్టాను. రెండుసార్లు కొట్టాను.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. దిగాలంటే రెండు చేతులూ వదిలి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి కూర్చోవాలి. కుర్చీ లేదు, నలభై అడుగుల గాలి ఉంది. మొదట రెండుసార్లు నా ప్రమేయం లేకుండా పడ్డాను కాబట్టి ఈ సంగతి తెలియలేదు. చేతులు గంట కిందున్న ముద్దని వదలనంటున్నాయి. ప్రభువుని దేవాలయ శిఖరం మీంచి దూకమన్న శత్రువు ఎవరో నాకు తెలుసు, కాబట్టి ఇది కూడా శోధనే అయ్యుంటుందని ఒక పాయింటు కూడా తట్టింది. వాక్యాలు తిరిగొచ్చేశాయన్నమాట.

"కూర్చోండి గురుజీ!"

"నిన్ను నేలకి సరిగ్గా కట్టారా?" అని అరిచాను.

"కట్టారు. నేను ఎక్కడికీ పోను."

ఆ మాటతో కూర్చున్నాను. గాలి నన్ను మోసింది. గాలి కాదులెండి, తాడు. తాడు కాదు, యాభై రెండు కిలోల మనిషి. ఉయ్యాల దించినట్టు మెల్లిగా దించాడు. కాళ్లు నేలకి తగలగానే రెండు చేతులూ ఎత్తి, మిగిల్చి ఉంచుకున్న హల్లెలూయా మొత్తం ఒకేసారి వదిలాను. వరంగల్ అబ్బాయి నా వీపు తట్టి, "అన్నా, పొద్దున గిదే ఆపుకుంటే అప్పుడే ఎక్కుతుంటివి గదా" అన్నాడు. నాలుగు కొట్టకముందే ఏడు వందల ఇరవై ఆరో క్లైంబ్ పూర్తయింది. ఆ ఆఖరిది పాసాంగ్‌ది. బూట్లు కూడా సరిగ్గా బిగించుకోకుండా, కూరగాయలకి సంతకెళ్లినట్టు ఎక్కి వచ్చాడు.

సాయంత్రం ఏడింటికి మా బావమరిది ఇంట్లో భోజనాలవుతుండగా నేపాల్‌లో తెల్లారింది. పాసాంగ్ వాళ్లన్నకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ముందు కోడి కూత వినిపించింది, తర్వాత దావా దగ్గు. చాలాసేపు వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. మధ్యలో "తోక్మా" అన్న మాట విని నా గురించేనని పసిగట్టాను. ఏమంటున్నాడని అడిగితే పాసాంగ్ మొహమాటపడుతూ చెప్పాడు. "మార్చి దాకా పనికి ముప్పై మంది పేర్లు ఇవాళే రాస్తాడట. లావుపాటి గురువుగారు నిజంగా ఎక్కాడా, మధ్యలో బరువు దించాడా అని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"మూడోసారి దించలేదని చెప్పాను."

మూర్తి గారు గోంగూర మాంసం గిన్నె తన వైపు జరుపుకుంటూ, "మొదటి రెండుసార్ల సంగతి కూడా చెప్పవయ్యా, పాపం వాళ్లకి పొద్దున్నే నవ్వు వస్తుంది" అన్నారు. పాసాంగ్ చెప్పాడు. హల్లెలూయా దగ్గర చేతులెత్తి అభినయించి మరీ చెప్పాడు. సముద్రాల అవతల ఒక చల్లటి ఊళ్లో ముసలి కూలీ ఒకడు దగ్గీ దగ్గీ నవ్వడం మా అందరికీ వినిపించింది.

తిరుగు ప్రయాణం ఆదివారం ఆరాధన అయ్యాక, అదే రోడ్డు. ముద్ద పట్టుకున్నట్టే స్టీరింగ్ పట్టుకున్నాను, వేళ్లు అంతకంటే విచ్చుకోలేదు. దారి పొడుగునా యిర్మీయా గురించే ఆలోచించాను. గోతిలో ఉన్న ప్రవక్త మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. పైన తాళ్లు పట్టుకుని లాగిన ముప్పైమంది మీద ఒక్కటీ చెయ్యలేదు. వాళ్ల పేర్లు రాయలేదు కాబట్టి వాళ్ల గురించి చెప్పడానికేమీ లేదనుకున్నాను. దావా రాసుకునే కాగితం మీద కూడా ముప్పై పేర్లే ఉంటాయి. మనం కొండ ఎక్కాం అని ఫొటో పెట్టుకున్న ప్రతిసారీ నుదుటికి పట్టీ తగిలించుకున్నవాడొకడు ఫొటో బయట నిలబడి ఊపిరి తీసుకుంటూ ఉంటాడు. ఇకమీదట నేను మీ భారాలు దించెయ్యండని అరవను. కొన్ని దించేవి కావు, ఊరు చేరేదాకా మొయ్యాల్సినవే. వాటికి కర్ర ఆనించేవాడు ఒకడు కావాలి. ఫయెట్‌విల్ ముందు పెద్ద వంతెనలు వచ్చినప్పుడు రూతు అలవాటుగా కారు ఆపమని తాళాలకి చెయ్యి చాచింది. ఈసారి నేనే నడుపుతానన్నాను. "కళ్లు తెరుచుకునేనా?" అంది. తెరుచుకునే నడిపాను. లోయ చాలా అందంగా ఉంది, ఇన్నేళ్లూ చూడనే లేదు.

ఇలాంటి చాలెంజ్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. గోడ ఎక్కే ముందు ఒక గంట నేలకి రెండడుగుల ఎత్తులోనే ఉండి, చేతులు తిన్నగా చాచి వెనక్కి వాలి అలుపు తీర్చుకోవడం నేర్చుకోండి. స్తోత్రం పొంగితే నోటితో చెప్పండి. చేతులు ఎత్తేది నేల మీదికి వచ్చాకే.